రాజేశం లెక్క

1

నా మొదటి పుస్తకం నూట పన్నెండు పేజీలు.
చిలివేరి రాజేశం దాన్ని రెండు రాత్రుల్లో చదివాడు,
మనామాలో, గుదైబియా సందులో, మా రూములో, పై బంకు మీద,
ఎదుటి కోల్డ్ స్టోరేజ్ బోర్డు వెలుతురులో.

పగలు మినా సల్మాన్ రేవులో అతని ఉద్యోగం
కంటెయినర్ తలుపు తీశాక లెక్క రాయడం:
ఉల్లి బస్తాలు ఎన్ని, కుళ్ళినవి ఎన్ని, తడిసినవి ఎన్ని.
రాత్రి నా కవితలకీ అదే పెన్సిలు.

శుక్రవారం పొద్దున చాయ్‌తో పాటు కాగితం చేతికిచ్చాడు.
"ఎడారి, పదకొండు సార్లు.
మనముండేది దీవి. కిటికి తీస్తే చేపల వాసన.
నువ్వు ఎడారి ఎన్నడు చూసినవ్?
కన్నీరు, తొమ్మిది.
లాగా, అరవై నాలుగు.
ఏదీ అదే ఉండదా నీకు?
అన్నీ ఇంకోదాని లెక్కనే ఉంటయా?"

వాళ్ళ కోరుట్ల వైపు 'లాగా' అనరు, 'లెక్క' అంటారు.
అది తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది.

అదే కాగితాన్ని సమీక్షగా అచ్చుకీ పంపాడు,
ఒక్క కామా మార్చకుండా.
నాలుగు నెలలు అతనితో మాట్లాడలేదు.
ఆరుగురికి ఒకే స్టవ్ ఉన్న గదిలో అది చిన్న పని కాదు.
అన్నం మాత్రం అతని వంతుదీ నేనే వండాను.

2

పదో తరగతి తప్పింది లెక్కల్లోనే.
ఈ సంగతి ఎవరడిగినా అడక్కపోయినా చెప్పేవాడు.

వచ్చిన మూడో రోజు రేవు గేటు దగ్గర
కాపలావాడు అరిచిన అరబ్బీలో ఒక మాట
అతనికి తర్జుమా లేకుండా అర్థమైంది: హాజరు.
ఆ రాత్రి తూకం చీటీ వెనక మొదలుపెట్టాడు మొదటి వ్యాసం.
బాకీ. వసూలు. జమ. దాఖలు. ఖాళీ.
తాతని కచేరీ మెట్ల మీద వణికించిన మాటలు
ఇక్కడ వాటి సొంత ఇంట్లో చొక్కా విప్పి కూర్చున్నాయని రాశాడు.
'మనకంటె ముందు మన అప్పు గల్ఫుల దిగింది'
అన్న వాక్యం దగ్గర ఆపేశాడు.
ముగింపు రాయమని సంపాదకుడు ఉత్తరం రాస్తే
"అప్పు తీరినంక రాస్త" అని జవాబిచ్చాడు.

ఇరవై ఆరేళ్ళలో నలభై వ్యాసాలు.
పొగిడింది ముగ్గురినే.
అందులో ఒకరు సల్మానియా ఆస్పత్రి గోడ మీద
తెలుగులో 'ఇక్కడ ఉమ్మరాదు' అని రాసిన పేరు తెలియని మనిషి.
'అనవసరమైన అక్షరం లేదు.'

4

వీసా క్యాన్సిలై వెళ్ళిపోయాక ఆత్మకథ వేశాడు.
'తడిసిన బస్తలు'. మూడు వందల కాపీలు.
ఒకటి ఎవరి మందుల సంచిలోనో నా దాకా వచ్చింది.

ముందు నన్ను నేను వెతుక్కున్నాను. కవిని కదా.
నూట నలభై ఒకటో పేజీ:
'మా రూముల ఒక కవి ఉండె. అన్నం పలుకు మీద దించేటోడు.'
అంతే.

అప్పుడు నేనూ పెన్సిలు తీశాను.
ఎడారి, సున్నా.
భార్య భూలక్ష్మి పేరు, నాలుగు సార్లు.
నాలుగూ డబ్బు పంపిన రసీదుల మీద.
ఆమె పోయిన రోజు పేజీలో ఉన్నది ఇది:
'ఆ దినం రెండు కంటెయినర్లు.
నాలుగు వందల పన్నెండు బస్తలు. తడిసినయి తొమ్మిది.'

నాకు గుర్తుంది. మర్నాడు సూపర్‌వైజర్ రూముకే వచ్చాడు.
బస్తాలు నాలుగు వందల పద్నాలుగు.
ఇరవై ఆరేళ్ళలో అతని లెక్క తప్పింది అదొక్కసారి.
ఎవరి అచ్చుతప్పునీ వదలని మనిషి
ఆ పన్నెండుని పన్నెండుగానే అచ్చు వేయించాడు.

5

ఈ పద్యం చదివి ఫోన్లో పంపాను.
జవాబు ముప్పై ఏడు సెకన్లు.
సగం ఫ్యాను చప్పుడు, కొంత దగ్గు.
తర్వాత గొంతు:
"మూడోది తీసెయ్యి.
అండ్ల నేను ఏడ్సినట్టు రాసినవ్.
నువ్వు కింది బంకు మీద పన్నవ్. నీకేం కనవడ్డది?"

తీసేశాను.

పై బంకు మీద ఇప్పుడొక నేపాలీ కుర్రాడు.
బోర్డు వెలుతురు కంట్లో పడుతోందని
తువ్వాలు అడ్డం కట్టుకున్నాడు.